సిగరెట్టు నుంచి పైపుకి: ఘాటు ఎక్కడుంది?

విజయనగరం పాఠకుడొకరు సూటిగా అడిగారు: "రోజుకి పది సిగరెట్లు కాలుస్తాను. పైపుకి మారి, కాస్త ఘాటైన పొగాకు వేసుకుంటే రెండుసార్లతో సరిపోదా? ఊపిరితిత్తులకి కూడా మంచిదే కదా?" రెండో ప్రశ్నకి జవాబు 'కాదు'. మొదటిదానికి జవాబు కావాలంటే చుట్టింటి, అంటే గుండ్రటి తాటాకు గుడిసె, గుమ్మం దాకా నడవాలి.

ఘాటు అనే ఒక్క మాటలో మనం మూడు సంగతులు కలిపేస్తాం. ఆకులో నికోటిన్ ఎంతుంది, గొంతు ఎంత మండింది, ఒంటికి ఎంత ఎక్కింది. నాలుక బొబ్బలెక్కించే పొగాకులో నికోటిన్ తక్కువే ఉండొచ్చు. నిప్పు ఆరిన అటకలా వాసనేసే, పైపు మిశ్రమాల్లో కలిపే నల్లటి లటాకియా ఆకు చూస్తే భయమేస్తుంది, నికోటిన్ లెక్కలో అది సాధువు. కాబట్టి రంగు, వాసన చూసి ఘాటు కట్టకండి.

నికోటిన్ క్షార గుణమున్న అణువు. చుట్టూ ఆమ్లం ఉంటే దాని నైట్రజన్ ఒక ప్రోటాన్‌ని తగిలించుకుని ధనావేశం తెచ్చుకుంటుంది. ఆవేశమున్న అణువు నీళ్లలో హాయిగా కరుగుతుంది గానీ, నోటి లోపలి పొర కణాల గోడలు కొవ్వుతో కట్టినవి, వాటిని దాటలేదు. మన తీరం పల్లెల్లో పాత చుట్టిళ్లు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. తాటాకు చూరు నడుం దాకా దిగి ఉంటుంది. నెత్తిన గంపతో వచ్చిన మనిషి అలాగే లోపలికి పోలేదు. గంప దించాలి, వంగాలి, అప్పుడే గుమ్మం దాటాలి. ఆ గంపే ప్రోటాన్.

గంప లేనివాళ్లు ఎంతమందో పీహెచ్ చెబుతుంది. అది ఆమ్ల క్షారాల కొలత, 7కి కింద ఆమ్లం, పైన క్షారం. పీహెచ్ 8 దగ్గర నికోటిన్ అణువుల్లో సగానికి గంప ఉండదు. 7కి దిగితే నూటికి 9 అణువులకే ఆ వెసులుబాటు. 6 దగ్గర నూటికి ఒకటి, 5.5 దగ్గర వెయ్యికి మూడు. అటు 8.5కి ఎక్కితే నూటికి 76. అదే ఆకు, అదే నికోటిన్, పీహెచ్ 5.5 నుంచి 8కి రెండున్నర మెట్లు ఎక్కేసరికి లోపలికి పోగలిగే వంతు నూట అరవై రెట్లు పెరిగింది. ఆకు కొనేటప్పుడు ఈ సంగతి ఎవరూ అడగరు.

గంప లేనివాళ్లు లోపలికి పోగానే బయట లెక్క తప్పుతుంది. దాన్ని సరిచేసుకోడానికి గంపలున్నవాళ్లలో కొందరు దించేస్తారు, వాళ్లూ పోతారు, మళ్లీ ఇంకొందరు. సమతాస్థితి అంటే బడిలో తక్కెడ బొమ్మ వేసి వదిలేస్తారు, అందుకే అది పిల్లలకి ఆగిపోయిన వస్తువులా కనిపిస్తుంది. నిజానికి ఈ గంపలు క్షణక్షణానికీ నెత్తులు మారుతూనే ఉంటాయి. చుట్టింటి పోలిక ఇక్కడ కొంచెం కుంటుతుంది, ఎందుకంటే ఏ మనిషీ సెకనులో అన్నిసార్లు గంప ఎత్తి దించలేడు.

ఖైనీ నలిపేవాడికి ఈ రసాయనశాస్త్రం ఎప్పట్నుంచో తెలుసు. అరచేతిలో ఆకు వేసి, గోటితో సున్నం తీసి, బొటనవేలితో నలుపుతాడు. సున్నం పడగానే పీహెచ్ ఎగబాకుతుంది, గంపలన్నీ నేలకి దిగుతాయి, పెదవి లోపల పెట్టగానే ఎక్కుతుంది. పసుపు నీళ్లలో సున్నం కలిపితే పారాణి అయ్యేదీ ఇదే వరసలోని మార్పు. పసుపులోని కర్కుమిన్ క్షారంలో ప్రోటాన్ వదిలేసి ఎరుపెక్కుతుంది. లిట్మస్ కాగితం దొరకని బడికి వంటిల్లు చాలు.

ఇక సిగరెట్టు పొగ ఎందుకు పుల్లన, చుట్ట పొగ ఎందుకు క్షారం? తేడా ఆకుని ఆరబెట్టడంలో ఉంది. సిగరెట్టుకి వాడే వర్జీనియా ఆకుని బ్యారన్‌లో, అంటే పొగాకు ఆరబెట్టే గదిలో, వేడిగాలికి క్యూరింగ్ చేస్తారు. మొదట 35 డిగ్రీల దగ్గర పసుపు రంగుకి తిప్పుతారు. ఆకు ఇంకా బతికే ఉంటుంది కాబట్టి అందులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. తర్వాత వేడి పెంచుకుంటూ పోయి ఈనె ఎండేసరికి 70 డిగ్రీలు దాటిస్తారు. ఆకు చచ్చిపోతుంది, చక్కెర ఉన్నచోటే బందీ అవుతుంది. ఇదంతా ఐదారు రోజుల పని. ఆ చక్కెర కాలినప్పుడు ఎసిటిక్, ఫార్మిక్ లాంటి ఆమ్లాలు పుట్టి పొగని పుల్లన చేస్తాయి. చుట్టాకు, బర్లీ రకం పొగాకు అలా కాదు, నీడలోనో ఎండలోనో వారాల తరబడి వేలాడతాయి. ఆకు మెల్లగా చస్తూ తన చక్కెరని తానే తినేస్తుంది. చక్కెర లేని, నైట్రజన్ ఎక్కువున్న ఆకు కాలితే అమ్మోనియా వస్తుంది, పొగ క్షారమవుతుంది. గోదావరి లంకాకుతో చుట్టిన చుట్టని పీల్చకుండా నోట్లో పొగ ఆడించినా ఒంటికి అందేది అందుకే.

సిగరెట్టు పొగలో నికోటిన్ దాదాపు అంతా గంపలతోనే వస్తుంది. నోట్లో ఉంచి ఊదేస్తే లాభం లేదు. పొగ పుల్లనిది కాబట్టి గొంతు ఒప్పుకుంటుంది, లోపలికి లాగొచ్చు. అక్కడ ముప్ఫై కోట్ల గాలి గదులు, వాటి తడి పీహెచ్ 7.4. నూటికి 20 మంది గంపలు దించేస్తారు, గుమ్మాలు లెక్కలేనన్ని. పది ఇరవై సెకన్లలో మెదడు తలుపు తట్టేస్తుంది. సిగరెట్టు వ్యసనం కరడుగట్టేది ఈ వేగం వల్లే.

ఇప్పుడు పైపు. పైపు పొగకి సొంత స్వభావం లేదు, గిన్నెలో ఏ ఆకు కూరితే అదే స్వభావం. సిగరెట్టు మానినవాడు అలవాటైన రుచి కదా అని వర్జీనియా ఎక్కువున్న మిశ్రమం కొంటే, నోటికి ఏమీ అందదు, అలవాటు కొద్దీ ఊపిరితిత్తులకి లాగేస్తాడు. అంటే మారింది పొగ తాగే సామాను మాత్రమే. ఎప్పుడూ సిగరెట్టు ముట్టని పైపువాళ్లు సాధారణంగా పీల్చరు. సిగరెట్టు మీదుగా వచ్చినవాళ్లు పీలుస్తారు. పైపు వల్ల ఊపిరితిత్తులకి తక్కువ హాని అనే లెక్క మొదటి రకంవాళ్లది, మన పాఠకుడిది కాదు. ఆ మొదటి రకంవాళ్లకైనా నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు తప్పదు. పైపుకీ పెదవి క్యాన్సర్‌కీ సంబంధాన్ని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1964లోనే తేల్చింది.

ఘాటైనది, అంటే బర్లీ, పొగలో ఆరబెట్టిన కెంటకీ రకం వేస్తే పీల్చకుండానే ఎక్కుతుంది, కానీ మెల్లగా. చిక్కంతా అక్కడే. సిగరెట్టువాడి మెదడు పది సెకన్లలో బదులు రావాలనుకుంటుంది. రాదు. "ఎక్కలేదే" అని గబగబా దమ్ములు లాగుతాడు. నోటి దారిన వచ్చేది పావుగంట, అరగంటకి గానీ తారస్థాయికి చేరదు. అప్పుడు నోరూరడం, ఎక్కిళ్లు, చల్లటి చెమటలు పట్టడం, కడుపులో తిప్పడం ఒక్కసారిగా మొదలవుతాయి. సిగరెట్టులో పొగాకు ముప్పాతిక గ్రాము లోపే, పైపు గిన్నెలో రెండు మూడు గ్రాములు పడుతుంది. అలా మొదలైతే పైపు పక్కన పెట్టి, గాలి తగిలేచోట కూర్చోవడమే. రక్తంలో నికోటిన్ సగానికి తగ్గడానికి రెండు గంటలు పడుతుంది. పైపు పొగాకు దొరకలేదని చుట్టాకు నలిపి కూరడం ఇంకా పొరపాటు.

నాలుక మంట సంగతి వేరు. దానికి కారణాలు రెండు, వేడి ఆవిరి, అమ్మోనియా. మన తీరంలో గాలికే తేమెక్కువ, డబ్బా మూత తీస్తే ఆకు మెత్తబడిపోతుంది, వానాకాలంలో బూజు కూడా పడుతుంది. వేళ్ల మధ్య నొక్కితే ముద్దకడితే తడి ఎక్కువ, పొడి రాలితే తక్కువ, నొక్కి వదిలాక నెమ్మదిగా విచ్చుకుంటే సరి. తడిగా ఉంటే కాగితం మీద పరిచి అరగంట ఆరనివ్వాలి. అడుగున వదులుగా, పైకి వచ్చేకొద్దీ కాస్త గట్టిగా కూరాలి. వెలిగించకముందు ఒకసారి గాలి లాగి చూడాలి, బుగ్గలు లోపలికి పోయేంత బిగువుంటే తీసి మళ్లీ కూరాల్సిందే. బిగించి కూరితే గట్టిగా లాగాలి, గట్టిగా లాగితే నిప్పు చెలరేగుతుంది, ఆవిరి నాలుకని కాలుస్తుంది. మొదటి అగ్గిపుల్లకి ఆకు ఉబ్బుతుంది, దాన్ని నొక్కి రెండోసారి వెలిగించాలి. గిన్నె చెంపకి ఆనిస్తే భరించలేనంత వేడెక్కితే ఆపేయాలి. చాలామంది ఈ మంటనే ఘాటు అనుకుని "బాగా పనిచేస్తోంది" అని మురిసిపోతారు.

వేడి ఏం చేస్తుందో శ్రీకాకుళం జిల్లాకి కొత్తగా చెప్పక్కర్లేదు. నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ ఇక్కడి ఆడవాళ్లలో తరతరాల అలవాటు. సముద్రపు గాలికి ఆరిపోదనీ, పంటినొప్పి రాదనీ చెబుతారు. మొదటిది నమ్మొచ్చు. రెండోది నోరు మొద్దుబారితే కలిగే భ్రమ. అంగిలికి మంట, నికోటిన్, బూడిద మూడూ ఒకేచోట తగులుతాయి. ఆంధ్రలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలి మీద వచ్చే మచ్చల గురించి 1971లో పరిశోధన వెలువడింది. దంతవైద్యులు ఇప్పటికీ అంగిలి తెల్లబడటం, మధ్యలో ఎర్ర చుక్కలు చూడగానే "అడ్డపొగా అమ్మా?" అని అడుగుతారు.

పాఠకుడికి నిజంగా కావాల్సింది, పొగ లేకుండా గంప దించే ఉపాయం. మందుల షాపులో దొరికే నికోటిన్ గమ్‌లో సరిగ్గా అదే ఉంది. నోటి పీహెచ్ పెరగడానికి అందులో సోడియం కార్బొనేట్ లాంటి లవణం కలుపుతారు, ఖైనీలో సున్నం చేసే పని అది చేస్తుంది. 2, 4 మిల్లీగ్రాముల రకాలున్నాయి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు వెలిగించేవాళ్లకి 4 సరిపోతుంది, మిగతావాళ్లకి 2. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగాలి. బబుల్‌గమ్‌లా ఆపకుండా నమిలితే రసమంతా కడుపులోకి పోతుంది. కడుపులో ఆమ్లం, మళ్లీ అందరి నెత్తినా గంపలే, మిగిలేది ఎక్కిళ్లు. నాలుక చురుక్కుమనే దాకా నమిలి, చెంపకీ చిగురుకీ మధ్య నొక్కి ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి, ఇలా అరగంట. కాఫీ, నిమ్మరసం, కూల్‌డ్రింకు తాగితే పావుగంట ఆగాకే గమ్ వేసుకోవాలి.