భర్త సంతకం నుంచి సొంత ఖాతా దాకా

ఆడవాళ్లకు డబ్బు వ్యవహారాలు తెలియవన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ వ్యవహారాలు వారి దాకా రానివ్వని చట్టాలు ఎంతకాలం అమల్లో ఉన్నాయో చూస్తే ఆ నింద ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

ఇంగ్లండ్‌లో 1870 వరకు పెళ్లైన స్త్రీ సంపాదించిన కూలి చట్టం దృష్టిలో భర్తదే. ఆ ఏటి చట్టం ఆమె కష్టార్జితాన్ని ఆమెకు దక్కించింది. ఆస్తిని తన పేరున ఉంచుకుని అమ్మడానికీ కొనడానికీ మరో చట్టం కావలసి వచ్చింది. అది 1882లో వచ్చింది. ఫ్రాన్స్‌లో భార్య భర్త అనుమతి లేకుండా బ్యాంకు ఖాతా తెరవగలిగింది 1965 చట్టం తర్వాతే. అమెరికాలో సొంత జీతం ఉన్న స్త్రీ అప్పు అడిగినా భర్త సంతకం తెమ్మనడం మామూలుగా ఉండేది. స్త్రీ అన్న కారణంతోనో, పెళ్లి అయిందనో కాలేదనో అప్పు నిరాకరించకూడదని 1974లో చట్టం చేశారు. ఇవేమీ మరీ పాత సంగతులు కావు. ఆ రోజుల్లో ఖాతా తెరవలేకపోయిన వారిలో కొందరు నేటికీ మన మధ్య ఉన్నారు.

అయితే చట్టాల కోసం ఎదురుచూడని వారూ ఉన్నారు. చాకలి పని చేసిన తల్లికి పుట్టిన నల్లజాతి మహిళ మ్యాగీ లీనా వాకర్ 1903లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకును స్థాపించారు. బ్యాంకు పేరులోనే పెన్నీ ఉంది. చిల్లర నాణేలు దాచుకునే వారి కోసం, పిల్లల కోసం కూడా, తలుపులు తెరిచిన సంస్థ అది. పొదుపు గురించి బోధించడం, పొదుపు చేసుకునే చోటు చూపించడం ఆమె దృష్టిలో వేర్వేరు పనులు కావు. ఆర్థిక విద్య చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే.

డబ్బు వ్యవహారాలు ఎవరికి ఎంత తెలుసన్న పరిశోధకుల కొలతలు చాలా ఆలస్యంగా మొదలయ్యాయి. 2004లో ఆర్థికవేత్తలు అన్నమారియా లుసార్డీ, ఒలీవియా మిచెల్ కలిసి వడ్డీ, ద్రవ్యోల్బణం, పెట్టుబడిని నాలుగు చోట్ల పెట్టడం గురించి మూడు ప్రశ్నలు రూపొందించారు. ఆ తర్వాత అనేక దేశాల్లో అవే అడిగారు. చాలాచోట్ల స్త్రీలకు తక్కువ మార్కులు వచ్చాయి. ‘తెలియదు’ అన్న జవాబును ఎంచుకున్న వారిలోనూ స్త్రీలే ఎక్కువ.

నెదర్లాండ్స్‌లో జరిపిన ఒక సర్వేలో ఆ ‘తెలియదు’ను తీసేసి మళ్లీ అడిగారు. అంతకుముందు తెలియదన్న స్త్రీలు చాలాసార్లు సరైన జవాబే గుర్తించారు. స్త్రీపురుషుల మధ్య కనిపించిన తేడాలో దాదాపు మూడో వంతుకు జ్ఞానం లేకపోవడం కాదు, తమ మీద తమకు నమ్మకం చాలకపోవడమే కారణమని 2021లో వెలువడిన ఆ అధ్యయనం లెక్కగట్టింది.