మంట కంటే ముందు మెట్లెక్కేది పొగ

అగ్నిప్రమాదం అనగానే మన కళ్ల ముందు మెదిలేది మంట. ఇళ్లలో, ఆఫీసుల్లో జరిగే ప్రమాదాల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది మాత్రం పొగ. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఓ పాత ఇంట్లో 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ ఐదో అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువతీ యువకులు ఊపిరాడకే పోయారు. అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరులో, అదే సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మరో 8 మంది. లాడ్జిలో దిగినవాళ్లలో చాలామంది మంటను చూసి ఉండరు. నిప్పు కిందే ఉంది, పొగ వాళ్ల గదుల దాకా వచ్చింది.

ఎందుకొచ్చిందో చెప్పడానికి పెద్ద ఫిజిక్స్ అక్కర్లేదు. గది గాలి 30 డిగ్రీల దగ్గరుంటుంది. మంట మీది గాలి 300 డిగ్రీలకు చేరితే దాని సాంద్రత దాదాపు సగానికి పడిపోతుంది. తేలికైన ఆ గాలి పైకి లేస్తుంది. సీలింగ్ తగిలితే పక్కలకు పాకుతుంది, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడి నుంచి మళ్లీ పైకి. అపార్ట్‌మెంట్‌లో అలాంటి ఖాళీలు మెట్ల దారి, లిఫ్ట్ గుంత, కరెంటు వైర్లూ పైపులూ వెళ్లే డక్టు. సెల్లార్ నుంచి టెర్రస్ దాకా నిలువుగా ఉన్న మెట్ల దారి నిప్పు అంటుకున్న రోజున అచ్చం పొగగొట్టంలా పనిచేస్తుంది. మనిషి ఒక అంతస్తు ఎక్కేలోపు పొగ రెండు మూడు దాటేస్తుంది. మనం దిగాల్సిన దారి, పొగ ఎక్కే దారి ఒకటే కావడమే అసలు చిక్కు.

ఆ పొగలో ఏముంటుంది? గాలి సరిగ్గా అందని మంట కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అంటే గాలిలో ఆక్సిజన్ ఉన్నా అది శరీరానికి అందదు. ముందు తల తిరుగుతుంది, కాళ్లలో సత్తువ పోతుంది, ఆ తర్వాత స్పృహే ఉండదు. తలుపు దాకా వచ్చి గడియ తీయలేక పడిపోయినవాళ్లు ఉంటారంటే కారణం ఇదే. దీనికి తోడు సోఫా, పరుపుల్లోని ఫోమ్ కాలితే హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు వస్తుంది. మన తాతల కాలం నాటి నవారు మంచం, దూది పరుపు కూడా మండేవి, పొగా వచ్చేది. ఈనాటి హాల్లో ఉన్నంత ప్లాస్టిక్ మాత్రం అప్పుడు లేదు. ఇప్పుడు ఒక గది పూర్తిగా అంటుకోవడానికి కొన్ని నిమిషాలు చాలు.

ఆ కొన్ని నిమిషాల్లో ఫైరింజన్ వస్తుందా? 101కి ఫోన్ వెళ్లిన వెంటనే స్టేషన్ నుంచి బండి కదులుతుంది. అక్కడి వరకూ సిబ్బంది చేతిలో పని. ఆ తర్వాతిది ట్రాఫిక్ చేతిలో, మన వీధి వెడల్పు చేతిలో, గేటు ముందు అడ్డంగా పెట్టిన కార్ల చేతిలో ఉంటుంది. సందుల్లోకి వెళ్లడానికి మిస్ట్ బుల్లెట్లు (మంటలార్పే మోటారు సైకిళ్లు), మిస్ట్ జీపులు ఉన్నాయి. అవి నీటిని మంచులాంటి సన్నటి తుంపరగా కొడతాయి. బొట్టు ఎంత చిన్నదైతే అంత త్వరగా ఆవిరవుతుంది, అంత త్వరగా వేడిని లాక్కుంటుంది. నీరు ఆవిరైతే దాదాపు 1700 రెట్లు పెరుగుతుంది కాబట్టి ఆ ఆవిరి మంట చుట్టూ ఉన్న గాలిని కూడా పక్కకు నెడుతుంది. కొద్ది నీటితో పెద్ద పని. కానీ అదంతా మంట చిన్నగా ఉన్నప్పటి మాట.

పెద్ద బండిలోనూ నీళ్లు మనం అనుకున్నన్ని ఉండవు. మామూలు ఫైరింజన్ ట్యాంకులో సుమారు 4500 లీటర్లు పడతాయి. నిమిషానికి 450 లీటర్ల చొప్పున కొడితే పది నిమిషాల్లో ఖాళీ. అందుకే భవనంలో సంపు నిండుగా ఉండాలి, పంపు పనిచేయాలి, బండి నుంచి గొట్టం తగిలించే చోటు కనబడాలి అని అగ్నిమాపక శాఖ వాళ్లు పోరు పెడతారు. చాలాచోట్ల ఆ ఎర్ర పైపులు రంగు వేసి అందంగా ఉంటాయి, తిప్పితే చుక్క రాదు. లోపలికి వెళ్లే సిబ్బంది వీపున గాలి సిలిండర్ ఉంటుంది. పెద్ద శ్రమలో అది అరగంటకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఆ అరగంటలోనే వాళ్లు పొగలో దారి వెతకాలి, గ్రిల్లు కోయాలి, మనిషిని మోసుకుని బయటికి రావాలి.

గ్రిల్లు అంటే గుర్తొచ్చింది. దొంగల భయంతో బాల్కనీలకు కింది నుంచి పైదాకా ఇనుప గ్రిల్లు బిగించుకోవడం మనకు అలవాటైపోయింది. పిల్లల భయంతో టెర్రస్‌కు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఊళ్లో. మెట్ల మలుపులో చెప్పుల స్టాండు, పాత సైకిల్, ఎవరూ పడేయని సోఫా. గుల్జార్ హౌజ్ ఇంట్లో పై అంతస్తులకు ఉన్నది మీటరు వెడల్పు మెట్ల దారి ఒక్కటే అని అగ్నిమాపక శాఖ చెప్పింది. మన అపార్ట్‌మెంట్లలో మెట్లు అంతకన్నా వెడల్పే, సామాన్లు పెట్టాక మాత్రం అంతే మిగులుతుంది. గ్రిల్లు తీయమని నేననడం లేదు. అందులో లోపలి నుంచి తెరుచుకునే చిన్న తలుపు పెట్టించుకుంటే చాలు, తాళంచెవి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంటే చాలు.

ఇంకో కొత్త టెన్షన్ సెల్లార్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్లు. లిథియం బ్యాటరీలో ఒక సెల్ దెబ్బతిని వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌ను, అది దాని పక్కదాన్ని అంటిస్తుంది. మండే వాయువులు తన లోపలే పుట్టించుకుంటుంది కాబట్టి మంటలార్పే పొడి చల్లితే పైమంట తగ్గినట్టే తగ్గి మళ్లీ రాజుకుంటుంది. దాన్ని చల్లార్చాలంటే చాలా నీళ్లు, చాలాసేపు కావాలి. అలాంటి బండిని రాత్రంతా మెట్ల మొదట్లో ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించడం కంటే చెడ్డ చోటు భవనంలో దొరకదు.

ఇవన్నీ చూసేందుకు ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఉంది కదా అనొచ్చు. 18 మీటర్లు, అంతకు మించి ఎత్తున్న నివాస భవనాలకే అది తప్పనిసరి. మనలో చాలామంది ఉండే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఆ లెక్కలోకి రాదు. అక్కడ చూసుకోవాల్సింది అసోసియేషనే. ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి, మంటలార్పుతున్న సిబ్బంది అనేకమంది చనిపోయారు. ఆ వారంలో స్టేషన్ వాళ్లు కాలనీలకు వచ్చి మంటలార్పే సిలిండర్ పిన్ను లాగడం నుంచి అన్నీ చేయించి చూపిస్తారు. ఫొటోలు దిగడంతో సరిపెట్టకుండా వాళ్లను ఒకసారి మెట్లెక్కించి చూడమనడం మంచిది.

పొగ ఇప్పటికే మెట్లలో నిండిపోతే? దిగొద్దు, లిఫ్ట్ ముట్టుకోవద్దు. తలుపు మీద చేతి వెనకవైపు ఆనించి చూడండి, వేడిగా ఉంటే తెరవకండి. మూసిన మామూలు చెక్క తలుపు కూడా పొగను కొన్ని నిమిషాలు ఆపుతుంది. కింది సందులో తడి టవల్ కుక్కి, రోడ్డు వైపు కిటికీ ఉన్న గదిలోకి వెళ్లి, నేలకు దగ్గరగా ఉండండి. 101 గానీ 112 గానీ కలిపి ఎన్నో అంతస్తు, ఎంతమంది, ఏ వైపు కిటికీ అని చెప్పండి. నిచ్చెన ఏ వైపు వేయాలో వాళ్లకు తెలిసేది ఆ మాటతోనే.