పీపాల్లో తరలిపోయిన వైన్: సిసిలీ విలాస విందు యాత్రల వెనుక చరిత్ర

2024 జులైలో సిసిలీ దక్షిణ తీరంలోని లికాటా రేవుకు ఇటలీ నౌకాదళ నౌక ఒకటి మంచినీళ్లు మోసుకొచ్చింది. అంతకు రెండు నెలల ముందే ప్రభుత్వం కరవు కారణంగా ఆ ద్వీపంలో అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అగ్రిజెంటో ప్రాంతంలో కుళాయి నీళ్లు వంతులవారీగా, రోజుల ఎడంతో వచ్చాయి. చిన్న వసతిగృహాలు కొన్ని వచ్చిన అతిథులను తిప్పి పంపాయి. ఆ మరుసటి ఏడాదికి, అంటే 2025కు, యూరప్ గ్యాస్ట్రానమీ (ఆహార సంస్కృతి) ప్రాంతమన్న బిరుదు దక్కింది కూడా ఈ సిసిలీకే. ద్రాక్షతోటల మధ్య విడిది, వైన్ రుచి చూడటాలు, పాత జమీందారీ వంటశాలల్లో వంట పాఠాలు చూపి సంపన్న యాత్రికులను పిలుస్తున్న ఈ నేలలో పంట విలువ ఎవరికి చేరుతోంది, నీళ్లు ఎవరికి అందుతున్నాయి అన్నది ఇప్పుడు అక్కడి చర్చ.

ప్రచారపత్రాలు సాధారణంగా ప్రాచీన ఓడ వర్తకులైన ఫినీషియన్లు, గ్రీకుల నుంచి మొదలుపెట్టి వేల ఏళ్ల అవిచ్ఛిన్న వైన్ సంప్రదాయమని చెబుతాయి. ఆ మాట అబద్ధం కాకపోయినా, అసలు కథను కప్పేస్తుంది. రెండు వందల ఏళ్లకు పైగా సిసిలీ వైన్ కొనేవాడి దగ్గరికి తరలిపోయింది. కొనేవాడే వైన్‌ను వెతుక్కుంటూ రావడం గత నలభై ఏళ్లలో వచ్చిన మార్పు.

ఆ పంటల వెనుక ఉన్న నీటి విద్య మాత్రం నిజంగానే పాతది. 827లో సిసిలీ తీరంలోని మజారా దగ్గర దిగిన అరబ్బులు నిమ్మజాతి చెట్లు, చెరకు, వాటికి కావలసిన సాగునీటి పద్ధతులు తెచ్చారు. తోటలో నీరు నిలవచేసే తొట్టిని సిసిలీ రైతు నేటికీ ‘గెబ్బియా’ అనే అంటాడు. అది అరబ్బీ మాట. వంకాయ కూడా ఆ దారినే వచ్చింది. మన దేశం నుంచి పారశీకం, అరబ్ దేశాల మీదుగా అక్కడికి చేరిన ఆ కాయతో తీపి, పులుపు కలిపి చేసే ‘కపొనాటా’ ఈనాడు ప్రతి ఖరీదైన భోజనశాలలోనూ కనబడుతుంది. బెల్లం, చింతపండు వేసి వంకాయ పులుసు పెట్టే ఇళ్లవారికి ఆ రుచి పరాయిదనిపించదు.

ఆ భోజనంలో దొర వంట, కూలి వంట ఒకదాన్నొకటి చూసుకుంటూ పెరిగాయి. ప్రభువుల ఇళ్లలో ‘మొన్సూ’ అని పిలిచే వంటవాళ్లు ఉండేవారు. ఫ్రెంచి ‘మొస్యూ’ (అయ్యా) స్థానికుల నోట అలా మారింది. అత్తిపండ్లు తిని కొవ్వెక్కిన ‘బెక్కాఫికో’ అనే చిన్న పిట్టను దొరలు తినేవారు. అది కొనలేనివారు చవకైన కవళ్ల వంటి సార్డీన్ చేపలను విప్పి, రొట్టెపొడి కూరి, తోక పైకి లేచేలా చుట్టి, ఆ పిట్ట ఆకారం తెప్పించారు. ‘సార్దె అ బెక్కాఫికో’ పుట్టుక అది. జున్ను కొనలేని ఇళ్లలో పాస్తా మీద చల్లుకున్నదీ వేయించిన రొట్టెపొడే. నేడు తెల్లని పళ్లెంలో విలాసంగా వడ్డించే ఈ వంటకాలు ఒకప్పుడు లేమి కప్పిపుచ్చుకోవడానికి పన్నిన ఉపాయాలు.

వైన్ సంగతి వేరు. 1773లో జాన్ వుడ్‌హౌస్ అనే ఇంగ్లీషు వర్తకుడు మర్సాలా రేవులో స్థానిక వైన్‌ను రుచి చూసి, ఓడ ప్రయాణంలో చెడకుండా దానికి సారా కలిపి ఇంగ్లండుకు పంపాడు. బ్రిటిష్ నౌకాదళం కొనుగోళ్లతో వ్యాపారం బలపడింది. 1833లో ఇటలీ వర్తకుడు విన్సెంజో ఫ్లోరియో రంగంలోకి దిగేవరకు ఆ సరుకు మీద పెత్తనం ప్రధానంగా ఇంగ్లీషువారిదే. ఎట్నా అగ్నిపర్వతం వాలులలో పండిన వైన్ రిపోస్తో రేవు నుంచి ఓడలెక్కేది. ఫ్రాన్సు తోటలను ఫిలాక్సెరా పురుగు తినేసిన కాలంలో ఆ గిరాకీ బాగా పెరిగింది. 1880లో ఆ పురుగు సిసిలీలోని రియేసీ దగ్గర కూడా కనబడింది. 1888 నాటికి ఇటలీ, ఫ్రాన్సుల మధ్య సుంకాల పోరు ముదిరింది. అటు తోటలు పోయి ఇటు కొనేవారూ కరవైన పల్లెల నుంచి లక్షల మంది అమెరికాకు ఓడలెక్కారు.

మిగిలిన భూమి ‘లాటిఫొండో’ అనే మహా ఎస్టేటులలో ఉండేది. యజమాని సిసిలీ రాజధాని పలెర్మోలో ఉంటే పొలం మీద పెత్తనం ‘గబెల్లోతో’ అనే ఇజారాదారుది, మాఫియా వేళ్లూనుకున్నది చాలావరకు ఆ ఇజారాల్లోనే. 1947 మే 1న పోర్తెల్లా దెల్లా జినెస్త్రాలో గుమిగూడిన రైతుకూలీల మీద జరిగిన కాల్పుల్లో 11 మంది చనిపోయారు. 1950లో భూసంస్కరణ చట్టం వచ్చింది గానీ, పంచిన చెక్కల్లో చాలా భాగం నీరు, దారి లేనివి. ఆ తరువాతి దశాబ్దాల్లో ద్రాక్ష సాగు సహకార సంఘాల చేతికి వచ్చినా, వైన్ ఎక్కువగా ట్యాంకర్లలోనే ఇటలీ ఉత్తరాదికి వెళ్లి, అక్కడి పల్చటి వైన్‌కు బలం చేకూర్చే కలుపుడు సరుకయింది. సీసా మీద సిసిలీ పేరు ఉండేది కాదు.

1985లో ఇటలీ వ్యవసాయ పర్యాటకానికి జాతీయ చట్టం తెచ్చింది. 1986లో ఉత్తరాదిన మిథనాల్ కలిసిన వైన్ తాగి 20 మందికి పైగా చనిపోవడంతో చవక వైన్ మీద నమ్మకం పోయింది. అదే సమయంలో, మెన్ఫీలోని సెత్తెసోలి సహకార సంఘానికి అధ్యక్షుడైన దియేగో ప్లానెతా సిసిలీ వైన్ సంస్థ బాధ్యత కూడా చేపట్టి, జాకొమో తాకిస్ వంటి వైన్ తయారీ నిపుణుడిని రప్పించాడు. 1988లో జుజెప్పె బెనాంతి అనే వ్యాపారి ఎట్నా మీద పాత తోటల వైన్‌ను మళ్లీ పరీక్షించడం మొదలుపెట్టాడు. 2000 తరువాత బయటివారు వచ్చి, కుర్రకారు వదిలిపోయిన నల్లరాతి గట్ల మడులు కొన్నారు. లావా రాతితో కట్టిన ‘పల్మెంతో’లు, అంటే ద్రాక్ష తొక్కే పాత శాలలు, ఆరోగ్య నిబంధనల వల్ల మూతపడ్డాక కొన్ని చక్కని అతిథిగృహాలుగా మారాయి. రెగలెయాలి ఎస్టేటులో అన్నా తాస్కా లాంజా 1989లో తెరిచిన వంట పాఠశాలకు దూరదేశాల వాళ్లు వచ్చి, టమాటా గుజ్జును బల్లల మీద పరిచి ఎండబెట్టడం నేర్చుకున్నారు. పల్లె ఆడవాళ్లు ప్రతి వేసవిలోనూ చేసిన పని అది.

ఈ మార్పు వల్ల పేరు, ధర ద్వీపంలోనే మిగిలాయన్నది కాదనలేం. కాని యజమానుల జాబితా చూస్తే పాత ఎస్టేటుల కుటుంబాలు, బయటి పెట్టుబడిదారులే ఎక్కువగా కనబడతారు. ఇందుకు భిన్నమైన దారి 1996 నాటి 109వ చట్టంతో తెరుచుకుంది: మాఫియా నుంచి జప్తు చేసిన భూమిని సామాజిక అవసరాలకు ఇవ్వవచ్చునన్న ఆ చట్టం కింద, 1948లో హతుడైన రైతు నాయకుడు ప్లాచిదో రిజ్జొత్తో పేరిట ఏర్పడిన సహకార సంఘం ద్రాక్ష పండించి వైన్ అమ్ముతోంది. విలాస యాత్రల పట్టికలో దానికి దక్కే చోటు చిన్నదే.

నీళ్ల లెక్క ఇంకా కఠినం. సిసిలీలో గొట్టాల్లోకి వదిలిన నీటిలో సగానికి పైగా దారిలోనే కారిపోతుంది. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే పాత కర్మాగారాలు ఏళ్ల తరబడి మూలపడి, 2024 కరవు తరువాతే మళ్లీ చర్చకు వచ్చాయి. సొంత బావి ఉన్న పెద్ద విడిది, వంతు కోసం ఎదురుచూసే పట్టణపు ఇల్లు ఒకే కరవును ఒకేలా అనుభవించవు. ఇప్పుడు కొన్ని వ్యవసాయ విడిదులలో, నిమ్మతోటకు నీరు పెట్టిన పాత గెబ్బియాయే అతిథుల ఈతకొలను.