వెచ్చటి వైపుకు రాని పాము

విజయనగరంలో మా పిన్ని కొడుకు బాల్ పైథాన్ అనే ఒక కొండచిలువని పెంచేవాడు. ఏటా నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మా పిన్ని, ఆ గది గుమ్మం మాత్రం తొక్కేది కాదు. మన ఊరి పాముల్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఇది ఆఫ్రికా జాతి. 1972 నాటి వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించాక, ఇలాంటి వాటిని నమోదు చేయించాలి, చనిపోతే ఆ సంగతీ తెలియజేయాలి.

పోయిన చలికాలం అది తల పైకెత్తి, నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలుపెట్టింది. దగ్గరగా కూచుంటే సన్నటి ఈల, మధ్యమధ్య బుడగలు చిట్లిన చప్పుడు, మూతి అంచున తీగలా సాగే చొంగ. మనకున్నట్టు పాముకు డయాఫ్రం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరం, ఉండదు. గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు, అది లోపలే పేరుకుపోతుంది. బాక్టీరియా వల్ల అయితే మందులకు లొంగవచ్చు. కొండచిలువల్లో ఇలాంటి జబ్బు తెచ్చే నిడోవైరస్ సంగతి 2014లో బయటపడింది. దాన్ని నయం చేసే మందు లేదు.

మూడు నెలల మందుల తర్వాత వాడు అడిగాడు: "అన్నయ్యా, ఇంక బాధ లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇప్పించేయమంటావా?"

కుక్కయితే మూలుగుతుంది, కుంటుతుంది. పాముకు కదిలే రెప్పల్లేవు, అరుపు లేదు. తిండి మానేసిందని భయపడదామంటే, ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్ కూడా నెలల తరబడి తినకుండా ఉండగలదు. కదలడం లేదనుకుందామా, పగలంతా చుట్ట చుట్టుకుని పడుండటమే దాని అలవాటు. కుక్కకు వేసే లెక్క దీనికి కుదరదు.

అందుకే నోటుబుక్ పెట్టమన్నాను. వారం వారం వంటింటి కాటా మీద తూకం. వెన్నుపూస గట్టులా పైకి తేలుతోందా? వెల్లకిలా తిప్పితే తనంతట తాను బోర్లా తిరుగుతోందా? వీటన్నిటికన్నా నేను ఎక్కువగా పట్టించుకునేది, అది ఎక్కడ పడుకుంటోందన్నది. పాము ఒళ్లు మనలా వేడి పుట్టించుకోదు, వెచ్చటి చోటికెళ్లి తెచ్చుకుంటుంది. అరుగుదల, రోగంతో పోరాటం, చివరికి మందు పనిచేయడం కూడా ఆ వేడి మీదే. తొట్టెలో వెచ్చటి వైపు 31, 32 డిగ్రీలుండాలి. థర్మామీటర్ పెట్టి చూస్తే 26. హీట్ మ్యాట్ ప్లగ్గు వదులైపోయింది! అప్పటిదాకా పోసిన మందుల ఖర్చు తలుచుకుంటే ఒళ్లు మండింది. అది సరిచేశాక రెండు వారాలు తేరుకుంది. తర్వాత మళ్లీ అదే ఈల. ఈసారి వెచ్చటి వైపుకు రావడమే మానేసి, నీళ్ల గిన్నె అంచు మీద తల ఆనించుకుని పడి ఉండేది. 1,420 గ్రాములున్నది 960కి దిగింది.

ఎవరో ఫ్రీజర్‌లో పెట్టెయ్, నిద్రలోనే పోతుందన్నారట. ఆ పని మాత్రం చేయకూడదు. చలికి పాము కదల్లేకపోతుంది, అంతే. నొప్పి తెలియకుండా పోతుందన్న నమ్మకం లేదు, ఒంట్లో మంచు పలుకులు కట్టడం హింస. తల నరికినా బాధ వెంటనే పోదు. ప్రాణవాయువు అందకపోయినా పాము మెదడు చాలాసేపు తట్టుకుంటుంది. తెగిన నాగుపాము తల కూడా కాటేస్తుందని మన రైతులకు తెలిసిందే. సరైన పద్ధతి, ముందు పూర్తిగా మత్తు, తర్వాత ప్రాణం తీసే పెంటోబార్బిటాల్ లాంటి మందు, ఆపైన మెదడు మళ్లీ తేరుకునే వీల్లేకుండా చేయడం. అందుకే పాముల్ని చూసిన అనుభవమున్న డాక్టరు కావాలి. గేదెలూ మేకలే తన లోకమని మొదటి డాక్టరు ఒప్పేసుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది కదా, అక్కడ వాకబు చేసి మనిషిని పట్టుకోమన్నాను.

మత్తిచ్చాక పాము మెత్తటి తాడులా వేలాడింది. మిగతా పనీ అయ్యాక డాక్టరు దాని గుండె దగ్గర చిన్న డాప్లర్, అంటే గుండె చప్పుడు వినిపించే పరికరం, ఆనించారు. టుప్... టుప్... వాడు ఉలిక్కిపడ్డాడు. మెదడు ఆగిపోయాక కూడా పాము గుండె చాలాసేపు కొట్టుకుంటుందని, దానికిప్పుడేమీ తెలియదని ఆయన చెప్పారు. అయినా ఆ చప్పుడు ఆగేదాకా వాడు బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.