పల్లీ బస్తాకు మెతుకు పరీక్ష చాలదు

ఒకే బస్తా పల్లీలు. ఒక ల్యాబ్ అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కనబడలేదంది, ఇంకో ల్యాబ్ పరిమితి రెండు రెట్లు దాటిందంది. ఎవరో డబ్బు తిన్నారన్న అనుమానమే ముందు వస్తుంది. "ఇందులో ఏ ల్యాబ్‌ని నమ్మాలండీ?" అని అడుగుతారు. రెండింటినీ నమ్మొచ్చు. మిషన్లు బాగుండి, రసాయనాలు మంచివై, మనుషులు నిజాయితీగా పనిచేసినా ఈ రెండు రిపోర్టులూ వస్తాయి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది. మెతుకులన్నీ ఒకే ఎసట్లో, ఒకే మంట మీద ఉడికాయి గనక. పల్లీల్లో విషం అలా సమానంగా పట్టదు. గింజ కట్టే దశలో వాన మొహం చాటేసి నేల వేడెక్కితే, పురుగు తొలిచిన కాయలోకో పగిలిన కాయలోకో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దూరుతుంది. పక్కనున్న కాయకు ఏమీ కాదు. మన అనంతపురం మెట్ట చేలకు ఈ పరిస్థితి కొత్తేం కాదు.

విషం పట్టిన ఒక్కో గింజలో కిలోకు 10 లక్షల మైక్రోగ్రాములకు పైబడిన మోతాదు దొరికిన సందర్భాలున్నాయి. గింజ బరువు అర గ్రాము అనుకుందాం. అంటే ఆ ఒక్క గింజలో 500 మైక్రోగ్రాముల విషం. ఇంకా శుభ్రం చేయాల్సిన పల్లీలకు మన దేశంలో పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు. ఆ ఒక్క గింజ 33 కిలోల మంచి పల్లీలను పరిమితి దాకా తెచ్చేయగలదు.

ఇప్పుడు అసలు లెక్క. ఒక సరుకులో సగటు విషం కిలోకు 20 అనుకోండి, అదంతా వెయ్యికో గింజలో కూర్చుంది. అరకిలో శాంపిల్ తీస్తే వెయ్యి గింజలు వస్తాయి, చెడ్డది ఒకటి రావాలి. కానీ నూరు సార్లు తీస్తే 37 సార్లు ఒక్కటీ రాదు, రిపోర్టులో సున్నా. ఇంకో 37 సార్లు ఒకటే వస్తుంది, రిపోర్టులో 20. మిగతా 26 సార్లు రెండో అంతకంటే ఎక్కువో వస్తాయి, రిపోర్టు 40 నుంచి పైకి. సరుకు అదే, మిషన్ అదే. చెడ్డ గింజలన్నిట్లో విషం సమానమని అనుకుంటేనే ఇంత తేడా. నిజంగా అవి సమానంగా ఉండవు కాబట్టి తేడా ఇంకా ఎక్కువే. అదే 20 కిలోలు తీస్తే 40 చెడ్డ గింజలు వస్తాయి, ఆరు అటూ ఇటూ. అప్పుడు జవాబు చాలావరకు 17, 23 మధ్య నిలుస్తుంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం 20 కిలోలు అడగడం ఇందుకే: వంద చోట్ల నుంచి 200 గ్రాముల చొప్పున. మన కాలేజీల్లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ముందే కలిపి పెట్టిన ద్రావణం ఇచ్చి టైట్రేషన్ చేయిస్తారు. శాంపిల్ తీయడం కూడా కొలతలో భాగమేనని డిగ్రీ పట్టా చేతికొచ్చేదాకా ఎవరూ చెప్పరు.

ఆహార భద్రత చట్టం 47వ సెక్షన్ ప్రకారం శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్టుకు, రెండు డెజిగ్నేటెడ్ అధికారి దగ్గరికి. వ్యాపారి కోరితే నాలుగోది గుర్తింపు పొందిన ల్యాబ్‌కు. రెండు రిపోర్టులూ కలవకపోతే రిఫరల్ ల్యాబ్ మాటే ఆఖరిది. నెయ్యికి ఇది చక్కని పద్ధతి. గింజల్ని గింజలుగానే నాలుగు పొట్లాలు కడితే మాత్రం నాలుగూ వేరు వేరు శాంపిళ్లే. ముందు రుబ్బి, తర్వాత పంచాలి.

రుబ్బడమూ అంత తేలిక కాదు. పల్లీలో దాదాపు సగం నూనె. పొడిగా తిప్పితే ముద్దయి గిన్నె గోడలకు అంటుకుంటుంది, లోపల కొన్ని పలుకులు నలగకుండా మిగులుతాయి. అందుకని సమాన బరువు నీళ్లు పోసి జారుగా రుబ్బుతారు. అందులోంచి 25 గ్రాముల పల్లీకి సరిపడా తీసి, 5 గ్రాముల ఉప్పు, ఏడు పాళ్ల మిథనాల్, మూడు పాళ్ల నీళ్లు మొత్తం 125 మిల్లీలీటర్లు అయ్యేలా కలిపి రెండు నిమిషాలు తిప్పుతారు. రుబ్బినప్పుడు పోసిన నీళ్లు ఈ మూడు పాళ్లలోకే వస్తాయి. అది మరిచిపోతే మిథనాల్ పలచబడి విషం పూర్తిగా దిగదు. వడకట్టిన దాంట్లో 15 మిల్లీలీటర్లకు 30 నీళ్లు కలపాలి, లేకపోతే తర్వాతి గొట్టంలో విషాన్ని పట్టుకోడానికి నింపిన యాంటీబాడీలు మిథనాల్‌కు దెబ్బతింటాయి. ఆ గొట్టంలోంచి 15 మిల్లీలీటర్లు, అంటే సరిగ్గా ఒక గ్రాము పల్లీ సారం, సెకనుకు ఒకటి రెండు చుక్కల చొప్పున దిగాలి. తొందరపడి తోస్తే విషం యాంటీబాడీలకు పట్టకుండానే జారిపోతుంది. పది మిల్లీలీటర్ల నీళ్లతో రెండుసార్లు కడిగి, చివరికి ఒక మిల్లీలీటరు మిథనాల్‌తో పట్టిన విషాన్ని దింపుతారు. అఫ్లాటాక్సిన్ వెలుతురుకు చెడుతుంది, గాజుకు అంటుకుంటుంది. అందుకే ముదురు రంగు సీసాలు, యాసిడ్‌తో కడిగిన గాజు.

ద్రావణంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్‌లో 365 నానోమీటర్ల కాంతి పడితే ఇది నీలంగా మెరుస్తుంది. చిక్కేమిటంటే, అఫ్లాటాక్సిన్ రకాలన్నిట్లోకీ ప్రమాదకరమైన బి1 నీళ్లు కలిసిన ద్రావణంలో సరిగ్గా మెరవదు. దాని అణువు చివర ఉంగరంలో ఒక జంట బంధం ఉంది. అక్కడ బ్రోమిన్‌నో అయోడిన్‌నో తగిలిస్తే మెరుపు తిరిగొస్తుంది. మన కాలేయం కూడా సరిగ్గా ఆ బంధం మీదే ఆక్సిజన్‌ను తగిలిస్తుంది, ఆ రూపమే డీఎన్ఏకు అతుక్కుని క్యాన్సర్‌కు దారితీస్తుంది. మోతాదు ఎక్కువైతే అంతకాలం కూడా ఆగదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయం చెడి చనిపోయారు. ఆ సంగతి తేల్చింది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ.

ల్యాబ్‌ల పనితీరుకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ/ఐఈసీ 17025 గుర్తింపు అంటే గోడ మీద సర్టిఫికెట్ ఒక్కటే కాదు. ప్రతి దఫాలోనూ విషం లేని పల్లీ ఒకటి, తెలిసిన మోతాదు కలిపిన పల్లీ ఒకటి నడపాలి. కలిపింది 10 అయితే కనీసం 7 తిరిగి రావాలి, 11 దాటకూడదు. ఒకే పదార్థాన్ని చాలా ల్యాబ్‌లకు పంపే పోటీ పరీక్షల్లో ఇంత చిన్న మోతాదుల దగ్గర ల్యాబ్‌కూ ల్యాబ్‌కూ 22 శాతం తేడాను మామూలుగానే లెక్కిస్తారు. ఒకరు 13, ఒకరు 17 అంటే కొట్లాట అనవసరం. రిపోర్టులో 17, అనిశ్చితి 4 అని ఉంటే 15 దాటిందనాలా వద్దా అనేది ల్యాబ్ ముందే రాసుకున్న నిర్ణయ నియమం ప్రకారం తేలాలి. కొట్టువాడి మొహం చూసి కాదు.

వేయిస్తే విషం పోతుందన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. కొంత తగ్గుతుంది, పోదు. మిల్లుల్లో రంగు చూసి ఏరే యంత్రాలు మాత్రం బాగా పనిచేస్తాయి, విషమంతా కొద్ది గింజల్లోనే ఉంటుంది గనక. ముడుచుకుపోయిన, నల్లబడిన, చేదెక్కిన గింజల్ని ఇంట్లోనూ పారేయొచ్చు. మిల్లులో ఏరినవి ఎక్కడికి పోతున్నాయన్నది వేరే ప్రశ్న. నూనెకు ఆడిస్తే విషం ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. నూనెలోకి దిగిన కాస్త క్షారంతో చేసే రిఫైనింగులో పోతుంది, గానుగ నూనెను గుడ్డలో వడకడితే పోదు. చెక్క గేదె తింటే అందులోని బి1 ఒకటి రెండు పూటల్లోనే ఎం1 అనే మారిన రూపంలో పాలల్లోకి వస్తుంది. దానికి పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు.