నొప్పి సరే, చిన్నప్పుడు తాగిన నీళ్లేవి?

మెడ తిరగట్లేదు, నడుం పట్టేసింది, కింద కూర్చుంటే లేవలేకపోతున్నా. ఎముకల డాక్టరు ఓపీలో రోజూ వినిపించే మాటలే. అరవై దాటినవాళ్లు చెబితే కీళ్ల అరుగుదల అనుకుంటాం. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లోని కొన్ని ఊళ్లలో మాత్రం నడివయసు రాకముందే మనుషులు కట్టెల్లా బిగుసుకుపోయారు. కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్.

ఈ సంగతి మొదట బయటపడింది ఎద్దులతో. 1930ల్లో ఆంధ్ర ప్రాంత రైతులు తమ ఎద్దులు కాళ్లు పట్టేసి నడవలేకపోవడం గమనించారు. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి, బావినీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను బిగదీస్తోందని రాశారు. ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు పట్టే ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వచ్చిన తొలి నివేదిక ఇదే. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద పడే మచ్చలు అంతకుముందే తెలుసు. దాని దెబ్బ వెన్నెముక దాకా వెళుతుందన్నదే కొత్త. నల్గొండ గురించిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

గ్రానైట్ రాళ్ల సందుల్లో ఊరే నీళ్లలో ఫ్లోరైడ్ కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది, కీళ్ల దగ్గర ఎముకల్ని కలిపి ఉంచే కట్లు (లిగమెంట్లు) కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్నుపాము నొక్కుకుపోతే కాళ్లు చచ్చుబడతాయి.

అసలు చిత్రమైన మలుపు నాగార్జునసాగర్ తర్వాత వచ్చింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు లాన్సెట్ వైద్య పత్రికలో కొత్త లక్షణం గురించి రాశారు: కుర్రవాళ్లకు మోకాళ్లు రాసుకుంటూ పాదాలు ఎడమవుతున్నాయి. అంతకుముందు పెద్దల్లో కనిపించింది బిగుసుకుపోవడం, ఈ కుర్రవాళ్లలోనేమో ఎముక మెత్తబడి వంగుతోంది. జలాశయం వల్ల భూగర్భ జలాలు పైకొచ్చి నేలలో క్షారం పెరిగింది, అక్కడ పండిన జొన్నల్లో మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువైంది, అది ఎముకకు అవసరమైన రాగిని ఒంట్లోంచి బయటికి పంపేస్తోంది అన్నది వాళ్ల వివరణ. జొన్నన్నమే ఆధారమైన పేద ఇళ్ల పిల్లలకే దెబ్బ గట్టిగా తగిలింది. సాగునీళ్లు తెచ్చిన ప్రాజెక్టు నీడలో ఇలా జరుగుతుందని ఎవరు ఊహిస్తారు?

తర్వాత నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి తయారుచేసింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. జిల్లాకు అలాంటి పేరు రావడం కూడా ఒక బాధే. 2016లో మొదలైన మిషన్ భగీరథతో తెలంగాణ ఊళ్లకు నదుల నీళ్లు పైపుల్లో వచ్చాయి.

నీళ్లు మారినా వంగిన ఎముక నిటారు కాదు. ఆ ఊళ్ల నుంచి హైదరాబాద్ వలస వచ్చినవాళ్లు ఏ క్లినిక్‌లో నడుం నొప్పి అన్నా, పుట్టిపెరిగిన ఊరేదో అడిగి, పళ్ల మీద గోధుమరంగు చారలు చూసి, ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించడం మంచిది. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి తెల్లగా కనిపిస్తే అనుమానం చాలావరకు తీరినట్టే.