ఎర్రమట్టిలో నిలిచే రంగు: బేస్‌బాల్ బూట్ల మీద బొమ్మలెలా వేస్తారు?

అమెరికాలో అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో పిచ్చర్ బంతి విసిరే మట్టిదిబ్బ ఎత్తు 10 అంగుళాలు. దాని నెత్తిన 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉన్న తెల్లటి రబ్బరు పలక ఉంటుంది. పిచ్చర్ ఆ పలకను వెనక కాలితో నెట్టి, ముందు కాలిని దిబ్బ వాలు మీద వేస్తాడు. ఆ కాలి మీద పడే బలం అతని బరువుకు ఒకటిన్నర రెట్ల దాకా ఉంటుంది. ఈలోపు వెనక బూటు బొటనవేలి పక్క మట్టిని గీసుకుంటూ పోతుంది. మొదటి నుంచీ బంతులు వేసే పిచ్చర్‌కి ఒక్క మ్యాచ్‌లోనే ఇది తొంభై, నూరు సార్లు జరగొచ్చు.

ఆ బూటు మీదే ఇప్పుడు ఆటగాళ్లు బొమ్మలు వేయించుకుంటున్నారు. కొందరు కన్నవాళ్ల ముఖాలు, కొందరు పుట్టిన దేశపు జెండా, ఇంకొందరు పిల్లలు ఇష్టపడే కార్టూన్. చెయ్యి తిరిగిన చిత్రకారుడికి బొమ్మ వేయడం పెద్ద పనేం కాదు. అది పెచ్చులు ఊడకుండా ఆట ముగిసేదాకా నిలవడమే అసలు కష్టం. అందులో ముప్పాతిక భాగం కుంచె తడపకముందే తేలిపోతుంది.

ముందు బూటు సంగతి చూద్దాం. మన ఫాస్ట్ బౌలర్ల బూట్ల కింద సూదిమొనల్లాంటి స్పైకులుంటాయి. బేస్‌బాల్‌లో అలాంటివి నిషేధం. గోల్ఫ్, పరుగుపందేల బూట్లలాగా మొనదేలిన ముళ్లు ఉండకూడదని ఆట నిబంధనల్లోనే రాసి ఉంది. అందుకే ఇక్కడ అడుగున బల్లపరుపు ఉక్కు పళ్లు వాడతారు. దాదాపు అర అంగుళం పొడవుండే ఇవి ఒక్కో బూటుకి ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. సన్నటి అంచు బంకమన్ను, ఇసుక కలిసిన నేలను కోసుకుని దిగుతుంది. దిగాక వెడల్పు ముఖం మట్టిని వెనక్కి తోస్తూ పట్టు ఇస్తుంది. ఈ పళ్లన్నీ నైలాన్‌తోనో, టీపీయూ అనే సాగే గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన పలకలో బిగించి ఉంటాయి. పిల్లల లిటిల్ లీగ్‌లో 12 ఏళ్లలోపు విభాగాలకు లోహపు పళ్లు కుదరవు. వాళ్లవి మొత్తం అచ్చుపోసిన ప్లాస్టిక్కే.

చిత్రకారుడికి కావలసింది పలకకు పైన ఉన్న భాగం. ఒకప్పుడు అదంతా తోలే. ఇప్పుడు ఒకే బూటులో పాలియెస్టర్ అల్లిక, పాలియురెథేన్ పూసిన కృత్రిమ తోలు, మడమ దగ్గర అచ్చుపోసిన టీపీయూ కలిసి ఉంటాయి. ఇవి మూడూ రంగును మూడు రకాలుగా పట్టుకుంటాయి. మూడింటికీ ఒకే పద్ధతి వాడితే ఆదిలోనే హంసపాదు.

ఇంత రంగుకు అనుమతి దొరకడం కూడా ఈమధ్య మాటే. 1967లో అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టు యజమాని చార్లీ ఫిన్లీ తన ఆటగాళ్లకు తెల్ల కంగారూ తోలు బూట్లు వేయించడమే అప్పట్లో పెద్ద వింత. 1970లలో సిన్సినాటి రెడ్స్ జట్టులో నల్ల బూట్లు తప్ప మరొకటి పనికిరావు. తర్వాత బూటు పైభాగంలో కనీసం 51 శాతం జట్టు ఎంచుకున్న ప్రధాన రంగే ఉండాలనే నిబంధన ఉండేది. 2017 ఆగస్టులో మొదటిసారి జరిపిన ప్లేయర్స్ వీకెండ్ అనే ప్రత్యేక వారాంతంలో మూడు రోజులు ఆ కట్టుబాటు సడలించారు. మైదానాలు బొమ్మల బూట్లతో నిండిపోయాయి. మరుసటి ఏడాది మే నెలలో షికాగో కబ్స్ ఆటగాడు బెన్ జోబ్రిస్ట్ పగటి మ్యాచ్‌లలో నల్ల బూట్లు వేసుకున్నందుకు, క్లీవ్‌లాండ్ పిచ్చర్ మైక్ క్లెవింజర్ రంగురంగుల బొమ్మల బూట్లు తొడిగినందుకు లీగ్ నుంచి హెచ్చరికలు అందుకున్నారు. ఆటగాళ్లు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. 2018 చివర్లో లీగ్, ఆటగాళ్ల సంఘం ఒప్పందానికొచ్చి, 2019 సీజన్ నుంచి నలుపు, తెలుపు, బూడిద రంగులతో పాటు యూనిఫాంలో ఉన్న రంగులన్నిటికీ, జట్టు అదనంగా ఎంచిన రంగులకూ తలుపు తెరిచారు. ఈ పనిలో పేరుపడ్డ స్టేడియం కస్టమ్ కిక్స్ సంస్థను మొదలుపెట్టిన అలెక్స్ కాట్జ్ స్వయంగా మేజర్ లీగ్‌కి కింది స్థాయి పోటీలైన మైనర్ లీగ్‌లలో ఆడిన పిచ్చర్. బూటు ఎక్కడ అరుగుతుందో అలాంటివాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక పనిలోకి వద్దాం. పెట్టెలోంచి తీసిన కొత్త బూటు మీద కంటికి కనపడని పూత ఉంటుంది. మురికి అంటకుండా, నీరు జారిపోయేలా ఫ్యాక్టరీలో వేసింది అది. అచ్చులోంచి ప్లాస్టిక్ ముక్కలు తేలిగ్గా ఊడిరావడానికి వాడే సిలికాన్ జిడ్డు కూడా కొంత మిగిలి ఉండొచ్చు. బూట్లకు వాడే రంగులు నీళ్లలో కలిపినవి కాబట్టి, నీటిని తోసేసే ఉపరితలం రంగునూ తోసేస్తుంది. పరీక్ష సులువు. ఒక నీటిచుక్క వేసి చూడాలి. ముత్యంలా గుండ్రంగా నిలబడితే రంగు అక్కడ పట్టదు. పలచగా పరుచుకుంటే పడుతుంది.

లేసులు, లోపలి అట్ట తీసేసి, సబ్బునీటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. కృత్రిమ తోలు ఉన్నచోట అసిటోన్‌లో తడిపి పిండిన దూదితో, రెండంగుళాల మేర చొప్పున, మెరుపు పోయేదాకా రుద్దాలి. దూదికి బూటు సొంత రంగు అంటడం మొదలైతే పూత తొలగిందని గుర్తు. అక్కడితో ఆపేయాలి. ఇంకా రుద్దితే పొర మెత్తబడి గుంటలు పడతాయి. అసిటోన్ టీపీయూని ఉబ్బిస్తుంది, సోల్ అతికించిన జిగురును కరిగిస్తుంది. కాబట్టి అతుకు వెంబడి ముందే టేపు వేసి, ఆ అంచుకు పావు అంగుళం దూరంలోనే చెయ్యి ఆపాలి. టీపీయూ ముక్కల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 400 నంబరు ఎమరీ పేపర్‌తో తేలిగ్గా గరుకు చేస్తే చాలు. రంగుకు పట్టు దొరకడానికి ఆ సన్నటి గీతలే ఆధారం. చివర్లో ఆల్కహాల్ గుడ్డతో దుమ్ము తీశాక ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. చెమట, నూనె అంటుకున్న వేలిముద్ర చోటే నెల తర్వాత రంగు లేస్తుంది. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. కిటికీలు తెరిచే పనిచేయాలి, వేడిగాలి ఊదే హీట్ గన్ ఆ దరిదాపుల్లో ఆన్ చేయకూడదు.

రంగు ఎలా గట్టిపడుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. నీళ్లలో అతి చిన్న అక్రిలిక్ పాలిమర్ కణాలు తేలుతుంటాయి, వాటి నడుమ రంగు పొడి ఉంటుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ కణాలు దగ్గరకు జరిగి, ఒకదాన్నొకటి ఒత్తుకుని, హద్దులు చెరిగిపోయి ఒకే పొరగా కలిసిపోతాయి. మన ఇళ్ల గోడలకు వేసే ఎమల్షన్‌లోనూ ఉన్నది అక్రిలిక్కే, కానీ గోడ వంగదు కనుక దానికి గట్టి పాలిమర్ సరిపోతుంది. బూటు రంగుకి మెత్తటిది, సాగేది కావాలి. ఒకేసారి దట్టంగా పూస్తే పైన పొర కట్టి లోపల నీరు చిక్కుకుపోతుంది. కింద కణాలు పూర్తిగా కలవవు. పైగా ఏ పొరైనా వంగినప్పుడు ఎంత మందంగా ఉంటే దాని పైముఖం అంత ఎక్కువ సాగాల్సి వస్తుంది. అందుకే ఒక్క మందపు పూత కంటే మూడు నుంచి ఐదు పలచటి పూతలు మేలు. ఒక్కోదానికి పది, పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. మొదటి పూత మచ్చలు మచ్చలుగా, కింది రంగు కనపడుతూ ఉంటే కంగారుపడి ఇంకాస్త పూసేవాళ్లే ఎక్కువ. అది అలాగే ఉండాలి.

అల్లిక బట్ట సంగతి వేరు. మామూలు రంగు పోగుల మధ్య నిండి గట్టిపడి, బట్టను అట్టముక్క చేస్తుంది. వంచగానే చిట్లుతుంది. ఇక్కడ రంగులో బట్టల కోసం అమ్మే మెత్తబరిచే ద్రావణాన్ని సమపాళ్లలో కలిపి, మొదటి పూతను పోగుల్లోకి ఇంకేలా కుంచెతో అద్దాలి. ఆరాక హీట్ గన్‌ను ఆరేడు అంగుళాల దూరంలో, ఒకచోట ఆపకుండా తిప్పుతూ వేడి చేస్తే కణాలు బాగా కలుస్తాయి. ఆపితే పాలియెస్టర్ ముడుచుకుపోతుంది, కింద సోల్ జిగురు కూడా మెత్తబడుతుంది. అసలుకే ఎసరు.

నల్ల బూటు మీద పసుపు వేయడం అన్నిటికంటే చికాకు. పసుపు, నారింజ రంగులు కింద ఉన్నదాన్ని సరిగ్గా కప్పలేవు. నలుపు మీద పలచటి పసుపు పాచిపట్టిన ఆకుపచ్చలా కనపడుతుంది. టైటానియం డయాక్సైడ్ ఉన్న తెలుపు వెలుతురును బాగా చెదరగొట్టి కింది నలుపును దాచేస్తుంది. అందుకే ముందు బొమ్మ పడేచోట మాత్రమే మూడు నాలుగు పూతల తెలుపు వేసి, దాని మీద పసుపు వేస్తారు. అంటే ఆ చోట పొరలు రెట్టింపవుతాయి. కాబట్టి నల్ల బూటు మీద పసుపు బొమ్మ బాగా వంగే చోట ఉండకూడదు.

ముఖాలకు, నీడలకు గాలితో రంగు చల్లే ఎయిర్ బ్రష్ వాడతారు. 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 20 నుంచి 30 పీఎస్‌ఐ ఒత్తిడి ఉన్న గాలి, పాలంత పలచగా చేసిన రంగు ఉంటే సరి. బాగా దగ్గరగా పెడితే రంగు సాలీడు కాళ్లలా పాకుతుంది. దూరంగా పెడితే గాల్లోనే ఆరి దుమ్ములా పడి, గోటితో గీస్తే రాలిపోతుంది. అక్షరాలకు వాటి ఆకారం కోసిన వినైల్ స్టెన్సిల్ అతికించి, అంచుల వెంబడి ముందుగా, బొమ్మ మీద రక్షణకు వేసే పారదర్శక ఫినిషర్ ఒక పూత వేయాలి. సందుల్లోకి అదే పాకి మూసేస్తుంది, తర్వాత వేసే రంగు బయటికి కారదు.

ఇన్ని చేసినా బొమ్మ తప్పుచోట వేస్తే దండగే. ఈ విషయం మీద పెట్టే శ్రద్ధే నాణ్యమైన పనివాడికి గుర్తని గట్టిగా చెప్పొచ్చు. వేళ్ల వెనక, లేసులు మొదలయ్యే ముందు, ప్రతి అడుగుకీ ముడత పడుతుంది. అక్కడ ముఖాలు, అక్షరాలు వేయకూడదు. ఒకే రంగుగానీ, చిట్లినా తెలియని చుక్కల నమూనాగానీ చాలు. బ్యాటర్ వెనక బంతి పట్టుకునే క్యాచర్ గంటల తరబడి గొంతుక్కూర్చుంటాడు కాబట్టి అతని బూట్లకు ఆ ముడత మరీ లోతు. కుడిచేతి పిచ్చర్ కుడి బూటు ముందుభాగం మట్టికే అంకితం. కొందరు అక్కడ ద్రవ పాలియురెథేన్ పోసి గట్టి తొడుగు కట్టిస్తారు. బొమ్మ పని మొదలుపెట్టకముందే ఆ తొడుగు ఎక్కడిదాకా వస్తుందో అడిగి తెలుసుకోవాలి. పరుగు దారిలో గుర్తుగా ఉండే బేస్ మీదికి జారుతూ వెళ్లే ఆటగాడు ఒక కాలు మడుస్తాడు. ఆ బూటు బయటి పక్క ఇసుకలో రాసుకుపోతుంది. కుడిచేతి బ్యాటర్ వెనక పాదం, అంటే కుడి పాదం, వేళ్ల మీద గిర్రున తిరుగుతుంది కాబట్టి అతనికి ఆ బూటు కొన దక్కదు.

అందరికీ పనికొచ్చే చోటు మడమ. అక్కడ బూటు వంగదు, నేలకు రాసుకోవడమూ తక్కువ. పైగా టీవీలో ప్రతి బంతినీ చూపించే కెమెరా మైదానం వెనక, పిచ్చర్ వీపు వైపు నుంచి చూస్తుంది. ఎంతో కష్టపడి గీసిన ముఖాన్ని మడమ బయటి వైపు పెడితే ఆట నడుస్తున్నంతసేపూ కనపడుతుంది, ఎక్కువ రోజులూ ఉంటుంది. ఉక్కు పళ్లకు రంగు వేయడం మాత్రం ఫొటోల కోసమే. మట్టి తగిలిన మొదటి ఇన్నింగ్స్‌లోనే అది పోతుంది. గాజురాళ్లు అంటించమని అడిగేవాళ్లూ ఉంటారు. గాజు బొత్తాలు, మెరుగుపెట్టిన లోహం యూనిఫాం మీద ఉండకూడదని నిబంధన ఉన్న ఆటలో ఆ కోరికకు ఒప్పుకోకపోవడమే మంచిది.

బొమ్మ పూర్తయ్యాక ఒకరోజు ఆరనిచ్చి, ఫినిషర్ రెండు మూడు పలచటి పూతలు వేయాలి. మెరుపు లేని మాట్ ఫినిషర్‌లో వెలుతురును చెదరగొట్టే సన్నటి పొడి ఉంటుంది. సీసాను బాగా కుదపకపోయినా, దట్టంగా పూసినా నలుపు మీద పాలమీగడలా తెల్లటి తెర కడుతుంది. తర్వాత కనీసం మరో రోజు బూటును వంచకూడదు. చేతికి ఆరినట్టు తగిలినా లోపల కణాలు కలవడం ఇంకా సాగుతూనే ఉంటుంది. మ్యాచ్ రేపనగా ఈరోజు తెచ్చిచ్చే బూట్లలో పగుళ్లకు చాలాసార్లు కారణం ఇదే. ఏప్రిల్ మొదట్లో బోస్టన్, షికాగో లాంటి ఊళ్లలో చలికి పాలిమర్ బిగుసుకుంటుంది. వేసవిలో చెక్కుచెదరని పొర అప్పుడు చిట్లొచ్చు. అందుకే సీజన్ మొదటి వారాల బూట్లకు పూతలు ఇంకా పలచగా వేయాలి. అలాగని వేడి మంచిదనీ కాదు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో రెండు బూట్లూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, మెత్తబడిన రంగు అతుక్కుని విడదీసేటప్పుడు ఊడొస్తుంది. మధ్యలో ఒక గుడ్డ పెడితే సరిపోతుంది.

ఆట అయ్యాక మట్టిని తడిగా ఉండగా రుద్దకూడదు. అందులోని ఇసుక ఎమరీ పేపర్ పనే చేస్తుంది. పూర్తిగా ఆరనిచ్చి, మెత్తటి బ్రష్‌తో దులిపి, మిగిలిన మరకను తడిగుడ్డతో అద్దాలి. వాషింగ్ మెషీన్, పెట్రోల్ రెండూ వద్దు. పగులు కనపడితే దాని మీదే కొత్త రంగు పూయకుండా, లేచిన అంచుల్ని గోటితో తీసేయాలి. పట్టు వదలని రంగు తగిలేదాకా తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, రెండు పలచటి పూతలు, పైన ఒక పూత ఫినిషర్ వేయాలి. సాయంత్రం ఈ మరమ్మతు చేసిన జతను మర్నాటి మ్యాచ్‌కి కాకుండా ఎల్లుండి మ్యాచ్‌కి తొడుక్కోవాలి.